సమస్యాపూరణం: ‘ఆర్పివేసిన టీవీయె యలరజేసె’

నిర్వాహకుడు: ఈ వారం సమస్య తేటగీతి పద్యంలో నాలుగో పాదం, ముందున్న మూడు పాదాలూ మీరు పూరించాలి. గోడమీద పటంలా వేలాడే టీవీ వస్తువు కావాలి. శామ్‌సంగ్ వారు 2017లో ‘ది ఫ్రేమ్’ పేరుతో తెచ్చిన తరహాది. కార్యక్రమాలు చూడనప్పుడు చిత్రపటంలా కనిపిస్తుంది. ఆర్పివేసిన టీవీ అలరించడంలోని విరోధాన్ని ఎలా పరిహరిస్తారో చూద్దాం.

హైదరాబాదు సభ్యుడు:

నల్లపలకయై మొన్నటి నాటి వరకు
గోడఁ జెరచిన దిపుడేమొ గొప్పదైన
చిత్రమయ్యెను నలుదెస చెక్క మెఱయ;
ఆర్పివేసిన టీవీయె యలరజేసె.

నిర్వాహకుడు: ధార బాగుంది. అయస్కాంతాలతో అతుక్కునే చెక్కరంగు అంచు ‘నలుదెస చెక్క మెఱయ’లో చక్కగా ఒదిగింది. కానీ సమస్య తీరలేదు నాయనా! పటం చూపిస్తున్నంతసేపూ ఆ టీవీ ఆరలేదు. లోపల దీపం వెలుగుతూనే ఉంటుంది, కరెంటు కాలుతూనే ఉంటుంది. గదిలోని వెలుతురును కొలిచి తెర తన కాంతిని తగ్గించుకుంటుంది కాబట్టి మనకు కాగితంలా తోస్తుంది, అంతే. మీ పద్యంలో ‘ఆర్పివేసిన’ అన్నమాట పాదంలో ఉంది కానీ అర్థంలో లేదు.

హైదరాబాదు సభ్యుడు: అంగీకరిస్తాను గురువుగారూ. అయితే ఆ కాగితపు మాయ తొలినాళ్ల తెరలమీద ఇంతగా కుదరలేదు. కిటికీ ఎదురుగా ఉంటే పటంలో మన ముఖమే కనిపించేది. 2022 నుంచి వచ్చిన మెరుపులేని తెరతో ఆ బాధ చాలావరకు పోయింది. దాని మీద ఇంకో పద్యం రాస్తాను.

డల్లాస్ అక్కయ్య: మా ఇంటి కథ ఇది. రవివర్మ లక్ష్మీదేవి పటం ఎక్కించాను. ఆయన 1906లో కాలం చేశారు కనుక హక్కుల పేచీ లేదు, నెలనెలా చందా కట్టి పటాలు అద్దెకు తెచ్చుకునే పనీ లేదు.

నిలువు పటమున లచ్చికి నిలువ చోటు
లేక యడ్డపు తెరయందు లేవు పాద
పద్మములు, చుట్టు నంచును బాగుపఱుప
ఆర్పివేసిన టీవీయె యలరజేసె.

నిర్వాహకుడు: అక్కయ్యగారూ, ఇది చూసి రాసిన పద్యం. తెర కొలత పదహారుకు తొమ్మిది. అందులో నిలువు పటాన్ని నిండుగా పరిస్తే తలో కాళ్లో పోవలసిందే. ‘పాద’ దగ్గర పాదం విరగడం, పద్మాలు కింది పాదంలోకి జారడం ఎంత సొగసు! ఒక్క సవరణ: ‘బాగుపఱుప’ తర్వాత అచ్చును అలాగే వదలకూడదు, ‘నార్పివేసిన’ అనాలి. సంధివల్ల వచ్చిన నకారం సమస్యను చెడగొట్టదు. లోపల ‘ఆ’ అనే అచ్చు ఉంది కనుక యతికీ, అంటే పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో కుదరవలసిన మైత్రికీ, లోటులేదు. విరోధం మాత్రం మీ దగ్గరా మిగిలిపోయింది.

విశాఖ తమ్ముడు: నిజంగానే ఆర్పేశాను, చూడండి.

గదిని మనుజులు లేకున్న గప్పుమనుచు
తానె కనుమూయు, వచ్చినఁ దానె తెఱచు;
నెలకు బిల్లును చూడగా నెమ్మదాయె;
ఆర్పివేసిన టీవీయె యలరజేసె.

నిర్వాహకుడు: శభాష్! మనిషి కదలిక కనిపెట్టే పరికరాన్ని పట్టుకుని ముడి విప్పావు. గదిలో ఎవరూ లేనప్పుడు నిజంగానే తెర ఆరుతుంది. అలరించింది పటం కాదు, బిల్లు!

డల్లాస్ అక్కయ్య: ఒక సందేహం తమ్ముడూ. తానే కన్నుమూసినదాన్ని ‘ఆరిన టీవీ’ అనాలి కదా, ఆర్పింది ఎవరు?

విశాఖ తమ్ముడు: ఆ పరికరమే అక్కా. దానికి పద్యంలో చోటు చాలలేదు.

రాజమండ్రి మాస్టారు: మా ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయాడు. ఆయన పేరిట ఇక్కడ చిత్రశాల ఉంది. వార్తల చానెల్ కట్టేశాక మా గోడమీద ఆయన బొమ్మే.

రాజమండ్రి దామెర్ల చిత్రంపు కళను
గోడపై నిల్పి, వాదాల గోల మాన,
నింట శాంతము చేకూరె, నెల్లవారి
నార్పివేసిన టీవీయె యలరజేసె.

నిర్వాహకుడు: మొదటి పాదంలో ‘రా’కు ‘త్రం’లోని రేఫతో (రకారంతో) యతి కూర్చిన తీరు అనుభవజ్ఞుల పని. పటం వెలిగినా వాదాల గోల ఆరింది కనుక విరోధమూ సగం తీరింది. కానీ మాస్టారూ, అన్వయం కొంప ముంచింది. ‘ఎల్లవారి నార్పివేసిన టీవీ’ అంటే ఇంటిల్లిపాదినీ ఆర్పేసిన టీవీ అని వస్తోంది! ‘నింట శాంతము చేకూరె నిదిగొ నేడు’ అని మార్చి, అక్కడ ఆగి ‘ఆర్పివేసిన’ అందుకోండి.

హైదరాబాదు సభ్యుడు: మార్చవద్దు మాస్టారూ. వార్తల చర్చలకు ఆ అర్థమే సరిపోతుంది.

రాజమండ్రి మాస్టారు: సవరణ శిరోధార్యం. అయితే రెండు పాఠాలూ మా ఆవిడకు వినిపించాను. మొదటిదే ఉంచమంటోంది.