తమ్ముడు రోబ్లాక్స్‌లో సంపాదిస్తానంటున్నాడు, లాప్‌టాప్‌కి లక్ష పెట్టొచ్చా?

కదిరి అమ్మాయి:
అందరికీ నమస్తే. నేను మారతహళ్లిలో పీజీలో ఉంటూ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాను. తమ్ముడు బీటెక్ పూర్తి చేసి బీటీఎంలో ఫ్రెండ్స్ రూములో ఉంటున్నాడు. ఈమధ్య ఇంటర్వ్యూలకి వెళ్లడం మానేశాడు. రోబ్లాక్స్ అని ఎవరైనా గేమ్‌లు తయారుచేసి పెట్టుకునే ఆన్‌లైన్ వేదిక ఉంది కదా, అందులో గేమ్ చేస్తాడట, ఆ డబ్బుతో డీసెంట్రలాండ్ అనే ఆన్‌లైన్ ఊహాలోకంలో స్థలం కొని అద్దెకిస్తాడట. దానికి లక్ష రూపాయల గేమింగ్ లాప్‌టాప్ కావాలి, ఈఎంఐ నా పేరు మీద. వాడు సోమరి కాదు, అర్ధరాత్రి దాటినా కూర్చుని ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటాడు. అందుకే కొట్టిపారేయలేకపోతున్నాను. నాన్నకి ఇంకా చెప్పలేదు. ఇందులో నిజంగా డబ్బు వస్తుందా? చేసినవాళ్లు ఎవరైనా చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

కోరమంగళ త్రీడీ:
నేను ఇక్కడే ఒక గేమ్ ఆర్ట్ స్టూడియోలో త్రీడీ బొమ్మలు చేసే మోడలర్‌ని. ఇంటికొచ్చాక సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో అక్కడి పాత్రలు వేసుకునే లెహెంగాలు, లంగావోణీలు చేసి అమ్ముతుంటాను. డబ్బు వస్తుందండీ, కానీ జీతంలా రాదు. ఎందుకో మీ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క వేయండి.

రోబ్లాక్స్‌లో ఆడేవాళ్లు ఫోన్‌లో 4.99 డాలర్లు పెడితే 400 రోబక్స్ (అందులో చెల్లే డబ్బు) వస్తాయి. అంటే డాలరుకి 80. అవే రోబక్స్ మనం సంపాదించి కంపెనీకి తిరిగిస్తే, 2025 సెప్టెంబరులో పెంచిన రేటు ప్రకారం ఒక్కోదానికి 0.0038 డాలరు ఇస్తారు. అంటే ఒక డాలరు రావాలంటే 260కి పైగా రోబక్స్ ఇవ్వాలి. అంతకుముందు చాలా ఏళ్లు 0.0035 మాత్రమే ఉండేది. కనీసం 30,000 పోగయ్యాకే మార్చుకోనిస్తారు. అది 114 డాలర్లు, మన డబ్బుల్లో పదివేలు అటూ ఇటూ. గేమ్‌లో పాస్ (ప్రత్యేక సదుపాయాలకి టికెట్ లాంటిది) అమ్మితే 30 శాతం ముందే కంపెనీకి పోతుంది కాబట్టి, ఆ 30,000 మన చేతికి రావాలంటే 43,000 దాకా అమ్మకం జరగాలి. అంటే ఫోన్‌లో కొన్న పిల్లల ఖర్చు 530 డాలర్లు దాటితే మనకి 114. సంత స్థలమూ వాళ్లదే, అందులో చెల్లే నాణెమూ వాళ్లదే. మెటా కూడా 2022లో తన ఆన్‌లైన్ లోకం హొరైజన్ వరల్డ్స్‌లో అమ్మేవాళ్ల దగ్గర మొత్తం 47.5 శాతం తీసుకుంటామని చెప్పింది.

సెకండ్ లైఫ్‌లో కోత తక్కువే, మార్కెట్‌ప్లేస్ కమీషన్ 10 శాతం. అక్కడ కష్టం పనిలో ఉంది. అక్కడ చెల్లే డబ్బు లిండెన్ డాలర్లు, సుమారు 250 అయితే ఒక అమెరికా డాలరుకి సమానం. లంగావోణీకి 300 లిండెన్ పెడితే ఎక్కువంటారు. అదే లంగావోణీని మైత్రేయ, లెగసీ, రీబోర్న్ అని ఒక్కో మెష్ బాడీకి (పాత్రకి తొడిగే త్రీడీ శరీరం) విడివిడిగా రిగ్గింగ్ చేయాలి, అంటే శరీరం కదిలితే బట్టా కదిలేలా అమర్చాలి. కుచ్చిళ్లు ఒక బాడీ మీద చక్కగా కూర్చుంటాయి, ఇంకో బాడీ నాలుగడుగులు వేయగానే మోకాలు బట్టలోంచి బయటికొస్తుంది. బట్టలో ఏ భాగం ఏ ఎముకతో ఎంత కదలాలో దిద్దే ఆ వెయిట్ పెయింటింగ్‌తోనే నా వారాంతాలు గడిచిపోతాయి. కొన్నాక ఓణీ భుజం మీద నిలవట్లేదని ఎవరైనా రాస్తే సరిచేసి మళ్లీ పంపాలి. నాకు ఈ పని ప్రాణం, అందుకే చేస్తున్నాను. దీని మీద ఇంటద్దె కట్టాలంటే మాత్రం నా వల్ల కాదు.

స్థలం సంగతికొస్తే, అందరూ యాన్షీ చంగ్ పేరే చెబుతారు. 2006లో బిజినెస్‌వీక్ ముఖచిత్రం మీదికి వచ్చిందావిడ. సెకండ్ లైఫ్‌కి జనం వచ్చిపడుతున్న రోజుల్లో పెద్ద స్థలాలు కొని, ముక్కలు చేసి, తీర్చిదిద్ది అద్దెకిచ్చింది. అద్దెకుండేవాళ్లు దొరకని నెల కూడా కంపెనీకి మెయింటెనెన్స్ కట్టాల్సిందే. డీసెంట్రలాండ్‌లో 2021 నవంబరులో ఒక ఎస్టేట్ సుమారు 24 లక్షల డాలర్లకి అమ్ముడైంది. మీవాడు ఆ వార్తే చూసి ఉంటాడు. ఆ తర్వాత ధరలు దారుణంగా పడ్డాయి. మనుషులు తిరగని వీధిలో ఎవరు అద్దెకి దిగుతారు?

లాప్‌టాప్ ఇప్పుడు వద్దు. రోబ్లాక్స్ స్టూడియో ఉచితం, మామూలు సిస్టమ్ మీద నడుస్తుంది. లువావు (రోబ్లాక్స్ గేమ్‌ల కోడ్ రాసే భాష) స్క్రిప్టింగ్, బ్లెండర్ (త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) గట్టిగా నేర్చుకోమనండి. తన సొంత గేమ్ ఎవరూ ఆడకపోయినా, ఇతరుల గేమ్‌లకి పని చేసి డబ్బు తీసుకోవచ్చు.

వేలచ్చేరి నుంచి:
చెన్నైలో ఒక ఆడిటర్ ఆఫీసులో పని చేస్తాను. డీసెంట్రలాండ్ స్థలం ఎన్‌ఎఫ్‌టీ కదా, అంటే క్రిప్టోలాంటి డిజిటల్ ఆస్తి. 2022 ఏప్రిల్ నుంచి అలాంటివాటి లాభం మీద నేరుగా 30 శాతం పన్ను, పైన సెస్. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసివేయడానికి లేదు. నష్టమొస్తే దేనితోనూ సర్దుబాటు చేసుకోనివ్వరు, వచ్చే ఏడాదికీ మోసుకెళ్లలేం. అమ్మితే 1 శాతం టీడీఎస్ కూడా ఉంటుంది. ఆడితే టోకెన్లు (క్రిప్టో నాణేలు) ఇచ్చే యాక్సీ ఇన్ఫినిటీ ఆట సంగతి కూడా ఒకసారి చూడండి. 2021 జూలైలో 30 సెంట్లు దాటిన దాని ఎస్‌ఎల్‌పీ టోకెన్ మరుసటి ఏడాదికే ఒక్క సెంటు కూడా పలకలేదు. రోజంతా ఆడినవాళ్ల కష్టం దాంతోపాటే పోయింది. మీ పేరు మీద ఈఎంఐ మాత్రం పెట్టొద్దు, దయచేసి.

కదిరి అమ్మాయి:
అక్కా, చాలా థాంక్స్. ఆ 43,000 లెక్క వాడి చేతే కాగితం మీద వేయించాను. స్థలం మాట మానేశాడు, గేమ్ మాత్రం చేస్తానంటున్నాడు. ఆరు నెలలు నేర్చుకో, ఇంటర్వ్యూలకీ వెళ్లు అన్నాను, సరేనన్నాడు. వాడి పాత లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామే ఉంది. బ్లెండర్ నడుస్తుందా?

కోరమంగళ త్రీడీ:
మొదట్లో నేర్చుకోవడానికి 8 చాలు. టచ్‌ప్యాడ్‌తో చేయొద్దని చెప్పండి, చెయ్యి నొప్పి పుడుతుంది. మధ్యలో వీల్ బటన్ ఉన్న మౌస్ ఒకటి కొనివ్వండి. వాడు చేసిన మొదటి మోడల్ ఇక్కడ పెట్టమనండి, చూసి చెప్తాను.