పరాయివాడంటే భయం పుట్టుకతోనే ఉంటుందా?

సీలేరు: 8 నెలల పాప కూడా కొత్త ముఖం కనబడితే అమ్మ భుజంలో తల దాచుకుంటుంది. కాబట్టి ఈ భయం మనిషి రక్తంలోనే ఉందంటాను. చట్టాలు, పాఠాలు దాన్ని పోగొట్టలేవు. ఒప్పుకుంటారా?

కోరంగి తీరం: ఒప్పుకోనండి. ఆ పాపే కాసేపటికి అదే మనిషి చేతిగాజులు లాగుతూ ఆడుకుంటుంది. పెద్దవాళ్ళ భయం అలా పోదు, దాన్ని ఎవరో మేపుతూ ఉంటారు. రంగూన్ సంగతే చూడండి. మన కోరంగి రేవు పేరు మీదే అక్కడ తెలుగు కూలీలను ‘కోరంగీలు’ అనేవాళ్ళు. 1930 మేలో రంగూన్ రేవులో బస్తాలు మోసే మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ బదులు బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తెమలగానే, మే 26న, పాతవాళ్ళని పిలిచి బర్మావాళ్ళని పొమ్మన్నారు. పొద్దున్నే పనికొచ్చినవాడికి పని లేదు, ఎదురుగా మనవాళ్ళు బస్తాలెత్తుతున్నారు. మాటా మాటా పెరిగింది. తర్వాత ఊళ్ళో తెలుగు కూలీల వేట. వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఏళ్ళ తరబడి ఒకే ఊళ్ళో బతికినవాళ్ళకి ఆ పొద్దుటే రక్తంలో భయం పుట్టుకొచ్చిందా? ఇద్దరూ కూలీలేనండి, నాకు బాధంతా అదే.

గడియారస్తంభం: బర్మావాళ్ళ గోడు వదిలేశారు. 1931 జనగణన నాటికి రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. ధాన్యం ధర పడిపోయాక అప్పుల కింద పొలాలు చెట్టియార్ల చేతికి, అంటే వడ్డీలకిచ్చే తమిళ వ్యాపారుల చేతికి, పోయాయి. 1937 నాటికి దిగువ బర్మాలోని 13 వరి జిల్లాల్లో నాలుగో వంతు సాగుభూమి వాళ్ళదే. సొంత గడ్డ మీద అలా అయితే మనకి మాత్రం టెన్షన్ ఉండదా?

కోరంగి తీరం: ఆ కష్టం నిజమే, కాదనను. కానీ పొలం తీసుకుంది అప్పిచ్చినవాడు, దెబ్బ తిన్నది సెంటు భూమి లేని కోరంగీ. కోపం ఎప్పుడూ చేతికందినవాడి మీదే పడుతుంది. మనమూ అంతే. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకారు లేస్తే, మన రెండు రాష్ట్రాల్లోనూ ఊరికి కొత్తవాళ్ళని, బిచ్చగాళ్ళని కొట్టారు, కొందరిని చంపేశారు. ఆ మెసేజ్ రాకముందు అలాంటి బిచ్చగాళ్ళకి అన్నం పెట్టిందీ మనమే.

పడవరేవు: మాది విశాఖలో బర్మా నుంచి వచ్చినవాళ్ళ కాలనీ. సైనిక ప్రభుత్వం దుకాణాలు లాక్కున్నాక, 1964లో అమ్మమ్మ వాళ్ళు ఓడెక్కారు. ఒంటిమీద బంగారం రేవులోనే తీయించారట. చివరిదాకా ఆమె పూలమూరలు బర్మా భాషలోనే లెక్కపెట్టేది. వెళ్ళగొట్టినవాళ్ళ గురించి అడిగితే, రేవుదాకా అన్నం మూట మోసుకొచ్చిన పక్కింటి బర్మా ఆవిడ కబుర్లే చెప్పేది.

సీలేరు: ఆ పక్కింటావిడ సంగతి చదివి చాలాసేపు ఆలోచించానండి. మిగతా వీధి ఆ రోజు ఏం చేసిందో అమ్మమ్మగారు ఎప్పుడైనా చెప్పారా? నాకు అది తెలుసుకోవాలని ఉంది.