బీసీ547 ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర 0.1 వోల్టే వస్తోంది, ఏ రెసిస్టర్ తప్పు?

అనంతపురం డిప్లొమా:
అన్నలూ, ఒక్క ట్రాన్సిస్టర్‌తో మైక్ ప్రీయాంప్ (మైక్ సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్) చేస్తున్నా. 9 వోల్టుల బ్యాటరీ, కలెక్టర్‌కు 4.7 కె (కిలో ఓమ్‌ల) రెసిస్టర్, ప్లస్ నుంచి బేస్‌కు నేరుగా 1 మెగ్ (మెగా ఓమ్), ఎమిటర్ గ్రౌండ్‌కు. బీటా (బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో ఆ లెక్క) 100 అనుకుని లెక్కేశా, కలెక్టర్‌లో 0.83 మిల్లీ ఆంప్స్, అంటే అక్కడ 5 వోల్టులు ఉండాలి. మొదటి ట్రాన్సిస్టర్‌తో 3 వోల్టులు చూపించినా మైకు బాగానే పలికింది. దాని కాలు విరిగితే క్లాక్ టవర్ దగ్గర షాపులో ఇంకోటి తెచ్చి పెట్టా, ఇప్పుడు 0.1 వోల్టు, మైక్‌లో గురక తప్ప ఏమీ లేదు. సోల్డరింగ్ మూడుసార్లు చూసుకున్నా. సోమవారం ల్యాబ్‌లో చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

కడప రిపేరు షాపు:
సోల్డరింగ్‌ది తప్పు కాదబ్బీ. రెండు ట్రాన్సిస్టర్ల మీదా నంబర్ పక్కన ఏ అక్షరం ఉందో చూసి చెప్పు.

అనంతపురం డిప్లొమా:
విరిగినదాని మీద ఏ, కొత్తదాని మీద సి.

కడప రిపేరు షాపు:
అదీ సంగతి. ఏ అంటే బీటా 110 నుంచి 220, బీ అంటే 200 నుంచి 450, సి అంటే 420 నుంచి 800. నీ బేస్‌లోకి పోయేది 8.35 మైక్రో ఆంప్స్, 4.7 కె గుండా ఎంత లాగినా 1.9 మిల్లీ ఆంప్స్‌కు మించి రాదు, దానికి బీటా 226 ఉంటే చాలు. అది దాటినది ఏది పెట్టినా శాచురేషన్‌లోకి, అంటే పూర్తిగా తెరుచుకున్న స్థితిలోకి పోయి కలెక్టర్ గ్రౌండ్‌కు అంటుకుపోతుంది, ఇంక సిగ్నల్ ఊగడానికి చోటేది?

రెసిస్టర్ కొత్తది కొనబళ్లేదు. 1 మెగ్‌కు ప్లస్ వైపున్న కాలు ఊడదీసి కలెక్టర్‌కు అతికించు. కరెంటు పెరిగితే కలెక్టర్ వోల్టేజ్ దిగుతుంది, దాంతో బేస్‌కు పోయేదీ తగ్గుతుంది. బీటా 500 అయినా 3.1 వోల్టుల దగ్గర నిలబడుతుంది.

కర్నూలు మాస్టారు:
అర్జెంటుకు అది సరే. కానీ అదే సర్క్యూట్లో బీటా 110 ది పెడితే 6.1 వస్తుంది, ఇంత తేడా నాకు నచ్చదు. తమ్ముడూ, బీటాతో మొదలుపెట్టి లెక్కేస్తే ఎప్పుడూ ఇదే గతి. ముందు నీకు కావలసిన కరెంటు అనుకో, 1 మిల్లీ ఆంప్ అనుకుందాం. ఎమిటర్ కింద 1 కె పెట్టు, దాని మీద సుమారు 1 వోల్టు ఉంటుంది. కలెక్టర్‌ను బ్యాటరీలో సగం దగ్గర ఉంచాలి కాబట్టి 3.9 కె. బేస్ ఎమిటర్ కన్నా 0.65 పైన ఉండాలి, అంటే 1.65 పైచిలుకు. బ్యాటరీ వోల్టేజ్‌ను రెండు రెసిస్టర్లతో విడగొట్టి దాన్ని ఇవ్వాలి. ఆ రెండింటి గుండా బేస్ కరెంటుకు పదింతలు పారాలన్నది మా బండ లెక్క. బీటా 200 అనుకుంటే బేస్‌కు 5 మైక్రోలు, పదింతలంటే 50, కాబట్టి కింద 33 కె, పైన 133 రావాలి, షాపులో దొరికేది 120 కె.

ఇప్పుడు బీటా 110 ది పెట్టు, కలెక్టర్ 4.9 వోల్టులు. 800 ది పెట్టు, 4.1. ఇంతే తేడా.

మన ఎండలకు కూడా ఇదే మేలు. బేస్-ఎమిటర్ వోల్టేజ్ డిగ్రీకి 2 మిల్లీవోల్టులు పడుతుంది, పొద్దున 25 ఉన్నది మధ్యాహ్నానికి 42 అయితే 34 మిల్లీవోల్టులు. ఎమిటర్ మీద వోల్టు పైన ఉంటే కరెంటులో తేడా 3 శాతమే.

అనంతపురం డిప్లొమా:
3.9 కె దొరకలేదు మాస్టారూ, 3.3 పెట్టా. కలెక్టర్ 4.9 చూపిస్తోంది, గురక పోయింది! కానీ గొంతు మరీ సన్నగా వినిపిస్తోంది.

కర్నూలు మాస్టారు:
3.3 ఫర్వాలేదు. గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందో) అంటే కలెక్టర్ రెసిస్టర్‌ను ఎమిటర్ రెసిస్టర్‌తో భాగించడమే, నీకిప్పుడు మూడు రెట్లే ఉంది. ఎమిటర్‌కూ 1 కె కూ మధ్య 100 ఓమ్‌లు పెట్టి, ఆ 1 కె కు అడ్డంగా 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ వెయ్యి. ట్రాన్సిస్టర్ లోపలి కొద్దిపాటి రెసిస్టెన్స్ కూడా కలుపుకుంటే 27 రెట్లు దాకా వస్తుంది. మొత్తం ఎమిటర్ నుంచే గ్రౌండ్‌కు కెపాసిటర్ వేస్తే ఇంకా చాలా వస్తుంది గానీ, గట్టిగా మాట్లాడితే గొంతు చిరిగిపోతుంది.

కడప రిపేరు షాపు:
కెపాసిటర్ మైనస్ కాలు గ్రౌండ్ వైపు అబ్బీ. తిరగేసి పెట్టి మళ్లీ ఇక్కడికి రావద్దు.