మామ కోసం కాంటెస్ట్ లాగింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నా: స్క్రీన్ మీద ఏం ఉంచాలి, ఏం తీసేయాలి?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

నమస్తే. నాకు ప్రోగ్రామింగ్ వచ్చు గానీ నేను హ్యామ్‌ని (సరదాకి రేడియోలో మాట్లాడే లైసెన్సుదారుని) కాను. లైసెన్సు మా మేనమామది. దేవరకొండలో ఉంటాడు, 64 ఏళ్లు. డాబా మీద డైపోల్ యాంటెనా, కింద చిన్న గదిలో 100 వాట్ల రిగ్గు (రేడియో సెట్టు), ఒక పాత డెస్క్‌టాప్. అక్టోబరు చివర్లో సీక్యూ వరల్డ్ వైడ్ వాయిస్ కాంటెస్ట్ (రేడియోలో వీలైనన్ని స్టేషన్లతో మాట్లాడే పోటీ) వచ్చిందంటే శనివారం పొద్దున అయిదున్నరకు గదిలోకి పోయిన మనిషి మళ్లీ సోమవారం అయిదున్నరకే బయటికి వస్తాడు. అత్త చాయ్, అన్నం లోపలికే పంపుతుంది.

ఆయన బాధంతా లాగింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే, అంటే ఎవరితో మాట్లాడాడో రాసుకునే ప్రోగ్రామ్‌తో. తెరిస్తే ఏడెనిమిది విండోలు. "అల్లుడా, నాకు వినపడేది ఒక్క గొంతు, ఇది చూపించేది ఇరవై బొమ్మలు" అంటాడు. అందుకని పైథాన్‌లో, పైక్యూటీతో నేనే సింపుల్‌గా ఒకటి మొదలుపెట్టా. పైన ఆరు బ్యాండ్లకు (ఫ్రీక్వెన్సీ శ్రేణులకు) ఆరు పెద్ద బటన్లు. కింద కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే స్టేషన్ పేరు) పెట్టె, దేశానికి డ్రాప్‌డౌన్, రిపోర్టుకి (ఎంత బాగా వినపడిందో చెప్పే అంకెకి) ఒక పెట్టె, జోన్‌కి (కాంటెస్ట్ కోసం ప్రపంచాన్ని విడదీసిన భాగానికి) ఒక పెట్టె, "సేవ్" బటన్. పొరపాటు పడకుండా "నిజంగా సేవ్ చేయాలా?" అని ఒక ప్రశ్న. అన్నీ తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఇంకా ఏం తీసేస్తే ఆయనకు తేలికవుతుంది?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

తమ్ముడూ, ఏమనుకోకు, ఇది బ్యాంకులో ఫారం నింపినట్టుంది. విండోలు తగ్గించావు గానీ మీ మామ చేతికి పని పెంచావు.

ఒక్క కాంటాక్ట్‌లో ఏం జరుగుతుందో చూడు. ఆయన "సీక్యూ కాంటెస్ట్" అని పిలుస్తాడు. ఒకేసారి నలుగురు అరుస్తారు. అందులో ఒకడి ముక్క చిక్కుతుంది, "జూలియట్ ఆల్ఫా సెవెన్" వరకు, అంటే JA7. ఆ ముక్క కొడుతూనే మళ్లీ అడగాలి, మిగతాది వినాలి, "ఫైవ్ నైన్, టూ టూ" అనాలి, ఎందుకంటే మన దేశం 22వ జోన్. అవతలివాడు జపాన్ కాబట్టి "ఫైవ్ నైన్, టూ ఫైవ్" అంటాడు. థ్యాంక్యూ చెప్పి మళ్లీ పిలుపు. గంటకు 100 కాంటాక్టులంటే ఒక్కోదానికి 36 సెకన్లు. ఒక చెయ్యి నాబ్ మీదో మైకు మీదో ఉంటుంది. ఇక మౌస్ పట్టుకునే చెయ్యి ఏది?

బ్యాండ్ బటన్లు తీసెయ్, రిగ్గునే అడుగు. హ్యామ్‌లిబ్ (రిగ్గులతో మాట్లాడే ఉచిత లైబ్రరీ)తో వచ్చే రిగ్‌సీటీఎల్‌డీ ప్రోగ్రామ్ నడిపితే 4532 పోర్టులో ఫ్రీక్వెన్సీ ఇస్తుంది. కాల్ సైన్ మొదటి అక్షరాల్లోనే దేశం ఉంటుంది, ఆ పట్టిక ఫైలు ఉచితంగా దొరుకుతుంది, కాబట్టి డ్రాప్‌డౌన్ అక్కర్లేదు. రిపోర్టు అడగకు, 59 అని అదే పడాలి. గొంతు బావిలోంచి వచ్చినట్టున్నా కాంటెస్ట్‌లో అందరూ ఇచ్చేది 59 ఏ. సేవ్ బటన్ పని ఎంటర్ కీ చేస్తుంది, పెట్టె మారడానికి స్పేస్ బార్.

ఇక "నిజంగా సేవ్ చేయాలా?" సంగతి. అది పైకి లేచిన క్షణం కర్సర్ దాని దగ్గరికి పోతుంది. మామ అప్పటికే తర్వాతి కాల్ కొడుతుంటాడు, ఆ అక్షరాలు గాలిలో కలుస్తాయి. దాని బదులు కింద చివరి అయిదు కాంటాక్టులు కనపడనియ్. తప్పు పడితే పై బాణం నొక్కి దిద్దుకుంటాడు. తప్పుగా రాసింది దిద్దుకోవచ్చు, వినకుండా పోగొట్టుకున్న స్టేషన్ మళ్లీ రాదు.

ప్రశ్న (మిర్యాలగూడ)

అన్నా, నిజంగానే ఫారం లాగే ఉంది, మీరన్నాక చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. మరి కాల్ సైన్ నుంచి దేశం తెలిస్తే జోన్ కూడా తెలుస్తుంది కదా, ఆ పెట్టె కూడా తీసేయనా?

జవాబు (మహబూబ్‌నగర్)

వద్దు. జపాన్ అయితే ఎప్పుడూ 25 ఏ. అమెరికాలో 3, 4, 5 మూడు జోన్లున్నాయి. కాల్ సైన్‌లో అంకెను బట్టి ఊహిస్తాం గానీ మనిషి ఇల్లు మారినా చాలామంది పాత కాల్ సైనే ఉంచుకుంటారు. రష్యా అయితే ఇంకా గందరగోళం. అందుకని ఊహించిన జోన్‌ని లేత రంగులో నింపి పెట్టు. స్పేస్ కొట్టి ఆ పెట్టెలోకి రాగానే మొత్తం సెలెక్ట్ అయి ఉండాలి. విన్నది వేరే అయితే నేరుగా దాని మీదే కొట్టేస్తాడు. లాగ్‌లో ఉండాల్సింది చెవికి వినపడ్డది, సాఫ్ట్‌వేర్ ఊహించింది కాదు.

డూప్ సంగతి కూడా ఇక్కడే చెప్తా. ఆ బ్యాండ్ మీద ముందే మాట్లాడినవాడు మళ్లీ పిలిస్తే కొందరు ప్రోగ్రామర్లు ఎంటర్‌నే ఆపేస్తారు. ఆపొద్దు. "నీతో అయిపోయింది బాబూ" అని వాడికి నచ్చజెప్పేకన్నా ఇంకోసారి కాంటాక్ట్ చేసేయడం త్వరగా తేలుతుంది. దానికి సున్నా పాయింట్లు, కోత మాత్రం లేదు. తెలియజేస్తే చాలు.

జవాబు (వనపర్తి నుంచి)

నాకు రేడియో తెలియదు, స్క్రీన్లు డిజైన్ చేయడం నా ఉద్యోగం. రెండు మాటలు.

డూప్‌ని ఎరుపు, కొత్త దేశాన్ని ఆకుపచ్చ చేసి ఊరుకోకు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువ. తెల్లవారుజామున నిద్ర కళ్లకు ఎవరికైనా రంగు సరిగా ఆనదు. కాల్ సైన్ పక్కనే "డూప్" అని మాట పడాలి, "కొత్త దేశం" అని మాట పడాలి. కన్ను ఎటూ కదలకూడదు.

రెండోది, అన్నీ తెలుగులో అన్నావు. మీ మామ రోజూ డూప్, బ్యాండ్, పైలప్ (ఒకేసారి చాలామంది పిలవడం) అనే అంటాడు కదా? అక్కడ "నకలు" అని పెడితే ఆగి అర్థం వెతుక్కుంటాడు. ఆయన నోట్లో ఉన్న మాటే పెట్టు. తప్పు జరిగినప్పుడు వచ్చే వాక్యాలు మాత్రం పూర్తి తెలుగులో రాయి, అప్పుడే ఆయనకు నిజంగా చదవాల్సి వస్తుంది.

ఆ డెస్క్‌టాప్‌లో తెలుగు కీబోర్డు కూడా ఉంటే ఇంకో తంటా. వాట్సాప్‌లో ఎవరికో తెలుగులో జవాబిచ్చి, ఇటు వచ్చి కాల్ సైన్ కొడితే తెలుగు అక్షరాలు పడతాయి. కాల్ సైన్ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, వాలు గీటు (/) తప్ప ఇంకేదీ పట్టకూడదు, చిన్న అక్షరాలు వాటంతటవే పెద్దవి కావాలి. తెలుగు అక్షరం వస్తే మౌనంగా మింగేయకుండా "కీబోర్డు తెలుగులో ఉంది" అని అక్కడే చూపించు. లేకపోతే ప్రోగ్రామ్ చెడిపోయిందనుకుంటాడు.

జవాబు (జడ్చర్ల నుంచి)

మౌస్ వద్దనడానికి ఇంకో కారణం. మా కాలేజీలో మైకు నొక్కితే చాలు, మౌస్ బాణం దానంతటదే ఎగిరేది. ట్రాన్స్‌మిట్ చేసే ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల శక్తి) యూఎస్‌బీ తీగలోకి దూరుతోంది. తీగకు ఫెర్రైట్ కోర్లు (ఆ అలజడిని అడ్డుకునే చిన్న ముక్కలు) తగిలించాక తగ్గింది. అందరికీ ఇలా కాదు గానీ, మౌస్ పీకేసినా మొత్తం పని జరిగేలా రాయండి అన్నా. రికార్డు చేసిన పిలుపు ఎఫ్1 మీద పెడితే ఆయన గొంతు మిగులుతుంది. ఎస్కేప్ నొక్కితే మాత్రం ఏ స్థితిలో ఉన్నా ట్రాన్స్‌మిట్ ఆగిపోవాలి.

ప్రశ్న (మిర్యాలగూడ)

శనివారం దేవరకొండ పోయి మామ పక్కన రెండు గంటలు కూర్చున్నా. ఏదో చిన్న కాంటెస్ట్ నడుస్తోంది. చూస్తే నా ప్లాన్ సగం మారిపోయింది.

ఆయన కీబోర్డు ముట్టుకోవడం లేదు! ముందు ఒక నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో రాస్తున్నాడు, ఖాళీ దొరికినప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాడు. ఎందుకు మామా అంటే నోట్‌బుక్ తిప్పి చూపించాడు. వరుసకు ఒక కాల్ సైన్. కొన్నింట్లో మధ్యలో చిన్న గీత ఉండి, తర్వాత ఆ గీత మీదే అక్షరం నింపి ఉంది. ముందు చివరి అక్షరం వినపడితే వరుస చివర్న రాసుకుంటాడు, మొదలు తర్వాత నింపుతాడు. పక్కింటి బోరు మోటరు ఆన్ అయి చెవిలో చప్పుడు మొదలైతే ఇలా ముక్కలుముక్కలుగానే దొరుకుతుందట. "మీ కంప్యూటర్ ఎడమ నుంచి కుడికే వింటది, నేను ఎట్ల వినపడితే అట్ల రాస్త" అన్నాడు.

ఇంకో కారణం కూడా చెప్పాడు. ఒక ఏడు కరెంటు పోయి వచ్చేసరికి గంటన్నర లాగ్ ఎగిరిపోయిందట. నోట్‌బుక్‌కు కరెంటు అక్కర్లేదు. దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ రెండూ ఎలా తేల్చాలి?

జవాబు (మహబూబ్‌నగర్)

ఇది ముందే తెలిస్తే నేను అంత పొడుగు రాసేవాణ్ని కాదు. ఆ నోట్‌బుక్కే నీ డిజైన్.

కాల్ సైన్ పెట్టెలో ప్రశ్న గుర్తు కూడా పట్టనియ్. వినపడని ప్రతి ముక్కకూ ఒక ప్రశ్న గుర్తు, తర్వాత ఒక కీ నొక్కితే కర్సర్ నేరుగా మొదటి ప్రశ్న గుర్తు మీదకి పోవాలి, అక్కడ కొట్టిన అక్షరం దాన్ని మింగేయాలి. ప్రశ్న గుర్తు మిగిలి ఉంటే ఎంటర్ లాగ్ చేయకూడదు. తెలిసిన కాల్ సైన్ల జాబితాతో పోల్చి దగ్గరివి కింద చూపించొచ్చు గానీ దాన్ని పెట్టెలోకి నింపకు. సీక్యూ వరల్డ్ వైడ్‌లో కాల్ సైన్ తప్పు రాస్తే ఆ కాంటాక్ట్ పోవడమే కాదు, దాని పాయింట్లకు రెట్టింపు కోత కూడా పడుతుంది. ఊహ చేతికందేలా పెడితే అలసిన మనిషి దాన్నే ఒప్పుకుంటాడు.

కరెంటుకు: ఎస్‌క్యూలైట్ (ఒక్క ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) వాడు, ఎంటర్ కొట్టిన ప్రతిసారీ కమిట్ (డిస్క్‌లో ఖాయం) చెయ్. వాల్ మోడ్ (మార్పులు ముందు వేరే ఫైల్లో రాసే పద్ధతి) పెడితే సింక్రొనస్ అనే సెట్టింగ్‌ని ఫుల్‌లో ఉంచు. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయినప్పుడు చివరి కాంటాక్టులు కొన్ని పోవచ్చు. ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమా వద్దు, అది అందుకునే లోపే కొన్ని డెస్క్‌టాప్‌లు రీస్టార్ట్ అవుతాయి. తిరిగి తెరిస్తే ఏ ప్రశ్నా అడగకుండా అదే లాగ్, అదే చోట రావాలి. సగం కొట్టిన కాల్ సైన్‌తో సహా.

రిగ్గు కేబుల్ ఊడితే బ్యాండ్ దగ్గర పాత అంకె అలాగే నిలబడి ఉండకూడదు. "రిగ్గు అందడం లేదు" అని పడాలి. మామ 20 మీటర్ల నుంచి 15కి పోయినా లాగ్ 20 అనే రాస్తూ పోతే ఆ కాంటాక్టులన్నీ బూడిదలో పోసినట్టే. టైం కూడా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లోనే రాయి. మన పొద్దున అయిదున్నరకు అక్కడ తేదీ మారుతుంది.

ఒక పని మాత్రం ఈ వారమే చెయ్, కాబ్రిల్లో (కాంటెస్ట్‌కి లాగ్ పంపే ఫార్మాట్) ఫైలు ఎగుమతి. కాంటెస్ట్ అయ్యాక లాగ్ పంపడానికి 5 రోజులే గడువు. ఆ అయిదు రోజుల్లో కూర్చుని కోడ్ రాస్తే ఆయన కన్నా నీకే టెన్షన్.

ప్రశ్న (మిర్యాలగూడ)

ఎగుమతి రాసేశా, రేపు పాత లాగ్‌తో పరీక్షిస్తా. ప్రశ్న గుర్తుల సంగతి ఫోన్‌లో మామకు చెప్తే "మంచిగుంటది" అన్నాడు. నోట్‌బుక్ మాత్రం టేబుల్ మీద నుంచి తీయొద్దన్నాడు. కీబోర్డుకు ఎడమ పక్కన దానికి చోటు వదిలి కొత్త టేబుల్ కొంటున్నాం.