కొత్తవాళ్లకు 5,600 మీటర్ల అగ్నిపర్వతమా? గైడ్ ఉంటే సరిపోతుందా?

కృష్ణలంక కుర్రాడు:
మా అక్కావాళ్లు చిలీలో ఉంటారు. సెలవులకి వెళ్తున్నా, అక్కడి నుంచి అటకామా ఎడారిలో నాలుగు రోజులు. సెర్రో టోకో అనే అగ్నిపర్వతం ఉందట, ఎత్తు 5,604 మీటర్లు, కొత్తవాళ్లు కూడా గైడ్‌తో ఎక్కొచ్చు అంటున్నారు. రెండు నెలలుగా రోజూ దుర్గ గుడి మెట్లెక్కుతున్నా, మధ్యలో ఎక్కడా ఆగట్లేదు. నాన్న మాత్రం వద్దంటే వద్దంటున్నారు. మీరేమంటారు?

పటమట ట్రెక్కర్:
వెళ్లు తమ్ముడూ, నేను ఎక్కి వచ్చా. తాళ్లతో పనిలేదు. జీపు 5,200 మీటర్లు దాటించి దింపుతుంది, అక్కడి నుంచి ఎక్కాల్సింది మూడు నాలుగు వందల మీటర్లే. గుల్ల రాయి కాళ్ల కింద జారుతుంది, గాలి కోసేస్తుంది, అంతే. పైకెళ్లాక ఎదురుగా లికాంకబూర్ శిఖరం కనిపిస్తే ఆ కష్టమంతా మర్చిపోతావు. మనవాళ్లు ప్రతిదానికీ భయపెడతారు, మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కలేదా?

బ్రాడీపేట అక్క:
పూర్ణని ఇందులోకి తేకండి అన్నా. ఆ పిల్ల భువనగిరి రాళ్ల మీద మొదలుపెట్టి, డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ అయ్యాకే అటు వెళ్లింది. నేను నర్సుని, నా భయమల్లా మీరు తేలిగ్గా చెప్పిన ఆ జీపు గురించే. బస చేసే సాన్ పెద్రో ఊరు 2,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. పొద్దున్నే బండెక్కి కొన్ని గంటల్లో అంతకు రెట్టింపు ఎత్తులో దిగితే, అక్కడ గాలి ఒత్తిడి మన బెజవాడలో ఉన్నదానికి సగమే, ఒంటికి అలవాటు పడటానికి రోజులు పడుతుంది, గంటలు కాదు. తమ్ముడూ, మెట్లెక్కితే కాళ్లకి, గుండెకి మంచిదే, ఎత్తు మాత్రం అలవాటవదు. కొత్తవాళ్లు కూడా ఎక్కొచ్చు అని వాళ్లు అంటున్నది దారి గురించి, నీ ఒంటి గురించి కాదు.

కొండవీడు నడక:
అక్క చెప్పింది నిజం. మేం విమానంలో లేహ్ దిగి, మర్నాడే కారులో ఖర్దుంగ్ లా కనుమకి వెళ్లాం, అది 5,359 మీటర్లు. గుంటూరు నుంచి తీసుకెళ్లిన చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బిపోయింది. మా బావ రోజూ జిమ్‌కెళ్లే మనిషి, షూ లేసు కట్టుకుందామని వంగి ఒక ముడి వేసి, రెండో ముడికి ముందు ఊపిరి కోసం ఆగిపోయాడు. తర్వాత తలనొప్పి, వాంతులు. డ్రైవర్ ఒక్క మాట కూడా అడగకుండా బండి కిందికి తిప్పేశాడు. అరవై దాటిన మా అత్తగారికి ఏమీ కాలేదు! ఎవరికి పడుతుందో ముందే ఎలా చెప్తాం?

పటమట ట్రెక్కర్:
సరే, కానీ మీ డ్రైవర్ చేసిన పనే టోకోలో గైడ్ చేస్తాడుగా. మా గైడ్ దగ్గర ఆక్సిజన్ ఉంది, మధ్యమధ్యలో వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూశాడు. జీపు కూడా దగ్గర్లోనే ఉంటుంది.

బ్రాడీపేట అక్క:
జీపు దగ్గరుండటం మంచిదే, ఒప్పుకుంటా. ఆక్సిజన్ కిందికి దిగేదాకా ఆదుకుంటుంది, అసలు మందు దిగడమే. కానీ ఇంత ఖర్చు పెట్టి వచ్చాం కదా అని తలనొప్పి దాచుకునేవాడి సంగతి గైడ్‌కి ఎలా తెలుస్తుంది? నడక తడబడినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వచ్చినా అప్పటికే ఆలస్యమైనట్టు. తమ్ముడూ, నేను వద్దనట్లేదు. మొదటి రెండు రోజులు ఊరి చుట్టుపక్కలే తిరుగు, తర్వాత ఎల్ తాతియో వేడినీటి బుగ్గలకి వెళ్లు, అవి 4,300 మీటర్ల ఎత్తులో ఉంటాయి. అక్కడ ఒళ్లు ఎలా ఉందో చూసుకుని, ఆ తర్వాతే టోకో. ఎత్తుకి ఒళ్లు అలవాటు పడటానికి వాడే డయామాక్స్ మాత్ర సంగతి డాక్టర్‌ని అడుగు, సల్ఫా మందులు పడకపోతే ముందే చెప్పు.

పటమట ట్రెక్కర్:
నేను మూడో రోజే ఎక్కా, నాకేం కాలేదు. నాలుగు రోజులు చాలనే నా మాట.

కృష్ణలంక కుర్రాడు:
అన్నా, నీకేం కాలేదు సరే, నా ఒళ్లు ఎలాంటిదో నాకు తెలియదు కదా. టికెట్ మార్చి ఇంకో రెండు రోజులు కలిపా, టోకో ఆరో రోజుకి పెట్టుకున్నా. సగంలో దిగిపోతానంటే మిగతావాళ్లని ఆపకుండా నాతో దిగడానికి ఇంకో మనిషి ఉంటాడా అని గైడ్‌ని అడిగా, జవాబు రావాలి. అక్కా, నువ్వు రాసింది నాన్నకి చదివి వినిపించా. ఎల్ తాతియో నుంచి ఫోన్ చెయ్యి, అప్పుడు చూద్దాం అన్నారు.