అప్‌డేట్: ఏడో తరగతి పిల్లలతో పాత పత్రాలను పరిశీలింపజేయడం

పాత ఉత్తరమో, శాసనమో చేతికిస్తే పిల్లలు అందులో ఉన్నదంతా నిజమని రాసేస్తున్నారని, వారికి పరిశీలన ఎలా నేర్పాలని లోగడ అడిగాను. విషయంలోకి వెళ్లకముందే ఎవరు, ఎప్పుడు, ఎవరికి రాశారో చూపించమని చాలామంది సూచించారు. చరిత్రకారులు మొదట చూసేది అదేనని అమెరికా విద్యా పరిశోధకుడు శామ్ వైన్‌బర్గ్ 1991 నాటి పరిశోధన కూడా చెబుతోంది.

అందుకని కొలంబస్ తొలి యాత్రపై 1493లో రాసిన లేఖలోంచి ఒక్క పేరా, కఠిన పదాలకు అర్థాలు పక్కనే ఇచ్చి, పంచాను. స్పెయిన్ రాజదంపతులు కొద్దిపాటి సాయం చేస్తే కావలసినంత బంగారం ఇస్తానన్న వాక్యం దగ్గర ఒక అమ్మాయి ఆగి, "ఇది సాయం అడగడానికి రాసిన ఉత్తరం కదా టీచర్" అంది. తర్వాత, స్పెయిన్ మతాచార్యుడు లాస్ కాసాస్ రాసిపెట్టిన సంక్షిప్త రూపంలో మనకు దక్కిన కొలంబస్ యాత్రా దినచర్యను దాని పక్కన పెట్టాము. 1492 డిసెంబరు 25న కొలంబస్ ప్రయాణించిన సాంతా మరియా ఓడ ఇసుక దిబ్బకు తగిలి పాడైన సంగతి దినచర్యలో ఉంది, లేఖలో లేదు. రాయకుండా వదిలేసిన దాన్ని కూడా ప్రశ్నించవచ్చని పిల్లలు గ్రహించడం నాకెంతో సంతోషాన్నిచ్చింది.

అయితే ఇప్పుడు కొందరు ప్రతి పత్రాన్నీ అబద్ధమని కొట్టిపారేస్తున్నారు. పక్షపాతంతో రాసినదైనా, రాసినవారి ఉద్దేశానికి అది మంచి సాక్ష్యమేనని వచ్చే పాఠంలో ఇదే లేఖతో చూపించబోతున్నాను.