అనిత్యం మీద సోలో మ్యూజిక్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తంబురా_పిచ్చి: ఇంట్లో తంబురా, లాప్‌టాప్ ఉన్నాయి. బౌద్ధుల అనిత్యం మీద ఇరవై నిమిషాల ముక్క ఒక్కడినే చేద్దామని ఉంది. గంటలు, మంత్రాలు కలిపేసి స్పా మ్యూజిక్ చేయడం మాత్రం వద్దు. మార్పు వినేవాడికి తెలియకుండానే జరిగిపోవాలి. ఎలా?

నిదానం: ముందు ఎలియాన్ రాడిగ్‌ని వినండి. ఫ్రెంచి ఆవిడ, 1970ల్లో టిబెటన్ బౌద్ధం వైపు వెళ్ళింది, ఆవిడ పనంతా చాలా ఏళ్ళు ఏఆర్‌పీ 2500 సింథసైజర్ మీదే, అదీ కీబోర్డు లేకుండా, నాబ్‌లు మెల్లగా తిప్పుతూ టేపుకెక్కించడమే. 'క్యేమా' (1988) అనే ముక్క చావుకీ మరుజన్మకీ మధ్య దశలు చెప్పే టిబెటన్ గ్రంథం బార్డో థోడోల్ ఆధారంగా చేసింది. గంట సాగుతుంది. ఎక్కడ మారిందో చెప్పలేం, కానీ పదో నిమిషంలో విన్న శబ్దం నలభయ్యో నిమిషంలో ఉండదు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, ఫ్రిజ్ చప్పుడులా ఉంటుంది.

లూప్_బాబు: తంబురాతోనే చేయొచ్చండీ. 17 సెకన్ల లూప్ (మళ్ళీ మళ్ళీ అదే మోగే ముక్క) ఒకటి, 23 సెకన్లది ఒకటి కలిపి వదిలేయండి, రెండూ మళ్ళీ ఒకేచోట మొదలయ్యేది 391 సెకన్లకి, అంటే ఆరున్నర నిమిషాలకి. ఒక ట్రాక్ శ్రుతి 220 హెర్ట్జ్, ఇంకోటి 220.5 పెడితే రెండు సెకన్లకోసారి శబ్దం అలలా పెరిగి తగ్గుతుంది, ఆ తేడాని మెల్లగా పెంచుకుంటూ పోండి.

గోడమీద_పిల్లి: లూపంటేనే తిరిగి రావడం కదా, అందులో అనిత్యం ఎక్కడ? సేవ్ చేయకుండా లైవ్‌లో ఒక్కసారి వాయించి వదిలేయండి.

తంబురా_పిచ్చి: సేవ్ చేయకపోతే మీకెలా వినిపించను! రెండు లూపుల పద్ధతి ఈ ఆదివారం చూస్తా.